రైలు పట్టాల వెంట పెరిగిన ప్రభుత్వం: అమెరికా పారిశ్రామికీకరణలో కంపెనీలు, కార్మిక సంఘాలు, కోర్టులు

అమెరికా పారిశ్రామిక చరిత్ర ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా రెండు కథనాలు వినిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో ప్రభుత్వం పక్కకు తప్పుకోవడం వల్లనే ఆ దేశం అంత వేగంగా ఎదిగిందని, తర్వాత కార్మిక సంఘాలు, నియంత్రణ సంస్థలు వచ్చి ఆ వేగానికి కళ్లెం వేశాయని మొదటి కథనం చెబుతుంది. యజమానుల దోపిడీని కార్మికులు ఎదిరించారని, ఆ ఒత్తిడికి తలొగ్గి ప్రభుత్వం కార్మిక చట్టాలు చేసిందని రెండోది చెబుతుంది. పరస్పర విరుద్ధంగా కనిపించే ఈ రెండు కథనాలూ ఒక్క విషయంలో ఏకీభవిస్తాయి: రెండింటిలోనూ ప్రభుత్వం చివరి అంకంలోనే రంగం మీదికి వస్తుంది. చరిత్ర అలా నడవలేదు. కంపెనీలు పుట్టేనాటికే ప్రభుత్వం అక్కడ ఉంది. భూమి ఇచ్చింది, అప్పు ఇచ్చింది, తగాదా వస్తే తీర్పు చెప్పింది, తీర్పు అమలుకు సైన్యాన్ని పంపింది. తర్వాతి కాలంలో దానికి కమిషన్లు, గణాంక విభాగాలు, తనిఖీ అధికారులు, మధ్యవర్తులు తోడయ్యారు.

ఈ మార్పును గమనించడానికి రైల్వేల కంటే మంచి ఉదాహరణ లేదు. ఆ దేశపు మొదటి భారీ కంపెనీలు, మొదటి దేశవ్యాప్త సమ్మె, మొదటి ఫెడరల్ నియంత్రణ కమిషన్, పెద్దలైన పురుష కార్మికులకు ప్రైవేటు రంగంలో ఎనిమిది గంటల పనిదినాన్ని ఖరారు చేసిన మొదటి ఫెడరల్ చట్టం, ఇవన్నీ రైలు పట్టాల మీదే పుట్టాయి.

సంక్షిప్తంగా

అప్పు తెచ్చి కట్టిన రైల్వేలు స్థిర ఖర్చుల భారం కింద నడిచేవి. ఆ భారం ఒకవైపు రైతుల మీద సరకు రవాణా ఛార్జీలుగా, మరోవైపు కార్మికుల మీద వేతన కోతగా పడింది. రైతుల ఆందోళన 1887లో నియంత్రణ కమిషన్‌కు దారితీసింది. కార్మికుల ఆందోళనకు మాత్రం దాదాపు యాభై ఏళ్ల పాటు ప్రధానంగా కోర్టు ఉత్తర్వులు, సైనిక బలగాలు సమాధానం చెప్పాయి. సమ్మెలను అణచడం కూడా ఖరీదైన వ్యవహారమేనని, గనులు, రైళ్లు ఆగితే నగరాలు నిలవలేవని తేలాక, 1902 నుంచి 1926 వరకు క్రమంగా మధ్యవర్తిత్వ వ్యవస్థ రూపుదిద్దుకుంది.

ఒకే పద్దుపుస్తకం, ఇద్దరు బాధితులు

1870లో సుమారు 53,000 మైళ్లుగా ఉన్న అమెరికా రైలు మార్గం 1900 నాటికి 1,93,000 మైళ్లకు పెరిగింది. అదే కాలంలో ఉక్కు ఉత్పత్తి లక్ష టన్నుల లోపు నుంచి కోటి టన్నులకు చేరింది. ఆ ఉక్కులో పెద్ద వాటా తొలి దశలో పట్టాలకే వెళ్లేది. రైలు వల్ల దూరపు మార్కెట్లు దగ్గరయ్యాయి, ఒక్కచోట తయారైన సరకు దేశమంతా అమ్ముడుపోయింది, పెద్ద కర్మాగారం పెట్టడం గిట్టుబాటైంది. ఎదుగుదల నిజమైనదే. 1873 తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ధరలు పడుతూ వచ్చినందున, డాలర్లలో కూలి తగ్గినా దాని కొనుగోలు శక్తి మొత్తం మీద పెరిగిందన్నది కూడా నిజమే. అయితే సగటు లెక్క ఒక కుటుంబం బతుకును చెప్పదు. పని ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియని కాలమది.

రైల్వే కంపెనీ ఆర్థిక స్వరూపాన్ని అర్థం చేసుకుంటే మిగిలిన కథ సగం అర్థమవుతుంది. పట్టాలు వేయడానికి, వంతెనలు కట్టడానికి, ఇంజన్లు కొనడానికి కంపెనీ బాండ్లు అమ్మి అప్పు తెస్తుంది. రైలు నిండుగా నడిచినా ఖాళీగా నడిచినా ఆ అప్పుకు వడ్డీ కట్టక తప్పదు. రెండు నగరాల మధ్య మూడు నాలుగు కంపెనీలు పోటీ పడే చోట, ఖాళీ వ్యాగన్ కంటే తక్కువ ఛార్జీకైనా నిండిన వ్యాగన్ మేలు కాబట్టి, అవి ఒకదాన్ని చూసి మరొకటి ఛార్జీలు తగ్గించుకుంటూ పోయేవి. ఆ నష్టాన్ని పోటీ లేని చోట పూడ్చుకునేవి. ఒకే కంపెనీ రైలు మాత్రమే ఆగే చిన్న ఊరి రైతు, తన గోధుమను కొద్ది దూరం పంపడానికి, షికాగో నుంచి న్యూయార్క్‌కు పంపే వ్యాపారి కంటే ఎక్కువ చెల్లించిన సందర్భాలు ఉన్నాయి.

వడ్డీ తగ్గించలేరు, పోటీ మార్గంలో ఛార్జీ పెంచలేరు. మాంద్యం వస్తే కంపెనీ చేతిలో వెంటనే కోయగలిగిన ఖర్చు ఒక్కటే మిగులుతుంది, అది కూలి. రైతు ఫిర్యాదు, కార్మికుడి సమ్మె వేర్వేరు ఉద్యమాలుగా పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి గానీ, రెండింటి మూలం ఒకే పద్దుపుస్తకంలో ఉంది. ఆ రెండు ఫిర్యాదులకూ ప్రభుత్వం ఇచ్చిన సమాధానాలు ఎందుకు అంత భిన్నంగా ఉన్నాయన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

సంఘం కంటే ముందే వచ్చిన ప్రభుత్వం

1862 నాటి పసిఫిక్ రైల్వే చట్టం ఖండాన్ని దాటే రైలు మార్గానికి భూములతో పాటు ప్రభుత్వ బాండ్ల రూపంలో రుణం కూడా ఇచ్చింది. మైదానాల్లో మైలుకు 16,000 డాలర్లు, పర్వత ప్రాంతాల్లో 48,000 డాలర్లు. 1869 మే 10న యూటా ప్రాంతంలోని ప్రొమాంటరీ వద్ద రెండు కంపెనీల పట్టాలు కలిశాయి. మొత్తం మీద ఫెడరల్ ప్రభుత్వం రైల్వేల కోసం ఇచ్చిన భూమి సుమారు 13 కోట్ల ఎకరాలు. అందులో చాలా భాగం అప్పటిదాకా ఆదివాసీ తెగలు తిరిగిన, వేటాడిన నేల. ప్రభుత్వం పక్కకు తప్పుకున్న కాలమని దీన్ని అనడం కుదరదు.

పడమటి వైపు నుంచి పట్టాలు వేసిన సెంట్రల్ పసిఫిక్ కంపెనీ వద్ద పనిచేసిన వారిలో అత్యధికులు చైనా నుంచి వచ్చినవారు. సియెరా నెవాడా కొండల్లో గ్రానైట్‌ను తొలిచి సొరంగాలు వేసింది వాళ్లే. 1867 జూన్‌లో వేల మంది చైనా కార్మికులు శ్వేతజాతి కార్మికులతో సమానమైన కూలి, తక్కువ పనిగంటలు కోరుతూ పని ఆపారు. కంపెనీ వారి శిబిరాలకు ఆహారం అందకుండా చేసింది. వారం రోజుల్లో సమ్మె ముగిసింది. ఆ వ్యవహారంలో సైన్యం గానీ కోర్టు గానీ అవసరం కాలేదు.

కోర్టుల పాత్ర అంతకంటే పాతది. 1806లో ఫిలడెల్ఫియా చెప్పుల తయారీదారులు కూలి పెంపు కోసం ఏకమైతే, ఆ ఏకం కావడమే కుట్ర నేరమని తేల్చి జరిమానా వేశారు. ఒక్కడు ఎక్కువ కూలి అడగవచ్చు, పదిమంది కలిసి అడిగితే నేరం. 1842లో మసాచుసెట్స్ ప్రధాన న్యాయమూర్తి లెమ్యుయెల్ షా బోస్టన్ చెప్పుల కార్మికుల కేసులో ఈ సూత్రాన్ని సడలించారు. న్యాయమైన లక్ష్యం కోసం, న్యాయమైన మార్గంలో నడిచే సంఘం దానంతట అదే నేరం కాదన్నారు. అమెరికా కార్మిక చరిత్రలో ఆ తీర్పును గౌరవంగా చెప్పుకుంటారు.

అదే సంవత్సరం, అదే న్యాయమూర్తి ఇచ్చిన మరో తీర్పు అంతగా ప్రస్తావనకు రాదు. నికొలస్ ఫార్వెల్ అనే ఇంజన్ డ్రైవర్, రైలు దారి మళ్లించే పాయింట్లు మార్చే తోటి ఉద్యోగి చేసిన పొరపాటు వల్ల రైలు పట్టాలు తప్పి కుడి చేతిని కోల్పోయాడు. నష్టపరిహారం కోరుతూ అతడు కోర్టుకు వెళ్తే, ఆ ప్రమాదపు ఖరీదు అతడి కూలిలోనే కలిసి ఉందని, తోటి ఉద్యోగి తప్పుకు కంపెనీ బాధ్యత వహించదని షా తీర్పు చెప్పారు. ఈ సూత్రాన్ని దాదాపు అన్ని రాష్ట్రాల కోర్టులూ స్వీకరించాయి. రైల్వే కంపెనీలకు దీనివల్ల ఒరిగిన లాభాన్ని భూదానాల్లా ఎకరాల్లో కొలవలేం గానీ, అదీ ప్రభుత్వం చేసిన సాయమే. తెగిన చేతులు, పోయిన ప్రాణాలు కంపెనీ లెక్కల్లోకి రాకుండా పోయాయి.

1877: రాష్ట్రాల చేతిలోంచి జారిన సమ్మె

1873 సెప్టెంబరులో నార్తర్న్ పసిఫిక్ రైల్వేకు అప్పు సమకూర్చిన జే కుక్ బ్యాంకు కూలింది. దాంతో మొదలైన మాంద్యం 1879 దాకా సాగింది. 1877 జులైలో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే కూలిని మరో 10 శాతం తగ్గించగానే వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో కార్మికులు రైళ్లను ఆపేశారు. ఏ సంఘమూ పిలుపు ఇవ్వలేదు. అయినా పట్టాల వెంటే, టెలిగ్రాఫ్ తీగల వెంటే సమ్మె వ్యాపించింది. పిట్స్‌బర్గ్‌లో స్థానిక మిలీషియా (అవసరమైనప్పుడు పిలిచే పౌర సైనిక దళం) కార్మికుల మీద తుపాకీ ఎక్కుపెట్టడానికి వెనకాడడంతో ఫిలడెల్ఫియా నుంచి దళాలను రప్పించారు. ఆ దళాలు కాల్పులు జరిపాయి. ఆగ్రహించిన జనం రైల్వే యార్డుకు నిప్పు పెట్టారు. వందకు పైగా ఇంజన్లు కాలిపోయాయి. దేశం మొత్తం మీద సుమారు వంద మంది చనిపోయారు. అధ్యక్షుడు హేస్ ఫెడరల్ సైన్యాన్ని పంపారు.

ఆ సమ్మె తర్వాత రెండు విషయాలు స్థిరపడ్డాయి. ఒకటి, స్థానిక మిలీషియాల మీద నమ్మకం పోయి, రాష్ట్రాలు నేషనల్ గార్డ్ దళాలను బలపరిచాయి. నగరాల మధ్యలో కోటల్లాంటి ఆయుధాగారాలు లేచాయి. రెండోది అంతగా కంటికి కనిపించనిది, ప్రభావంలో ఎక్కువది. మాంద్యంలో దివాలా తీసిన రైల్వేలు చాలావరకు ఫెడరల్ కోర్టులు నియమించిన రిసీవర్ల (దివాలా కంపెనీని కోర్టు తరఫున నడిపేవారి) అధీనంలో నడుస్తున్నాయి. అంటే సాంకేతికంగా ఆ రైలును నడుపుతున్నది కోర్టే. అలాంటి రైలును ఆపిన కార్మికుణ్ని, సమ్మె చేసినందుకు కాకుండా, కోర్టు ధిక్కారానికి పాల్పడినందుకు జైలుకు పంపారు. దివాలా కేసుల్లో పుట్టిన ఈ పద్ధతే తర్వాత ఆరోగ్యంగా ఉన్న కంపెనీల రక్షణకూ వచ్చింది. దాని పేరే ఇంజంక్షన్, అంటే ఫలానా పని చేయరాదని కోర్టు ఇచ్చే ఉత్తర్వు.

రైతుకు కమిషన్

రైతుల దారి వేరుగా సాగింది. వాళ్లకు ఓట్లు ఉన్నాయి, అవి రాష్ట్ర శాసనసభల్లో పనిచేశాయి. ఇల్లినాయ్ వంటి రాష్ట్రాలు ధాన్యపు గిడ్డంగుల అద్దెలకు, రైలు ఛార్జీలకు గరిష్ఠ పరిమితి విధించాయి. ప్రజల అవసరంతో ముడిపడిన ఆస్తిని ప్రజల కోసం నియంత్రించవచ్చని సుప్రీంకోర్టు 1877లో ఆమోదించింది. కానీ 1886లో వాబాష్ రైల్వే కేసులో, రాష్ట్రాల సరిహద్దు దాటే రవాణా మీద రాష్ట్రాలకు అధికారం లేదని చెప్పింది. నిజమైన రవాణాలో ఎక్కువ భాగం సరిహద్దు దాటేదే కాబట్టి ఖాళీ ఏర్పడింది. దాన్ని పూరించడానికి 1887 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్‌ను ఏర్పాటు చేసింది.

అయిదుగురు సభ్యుల ఈ సంస్థ మొదట్లో బలహీనమైనది. ఛార్జీలు న్యాయంగా ఉండాలని చట్టం చెప్పింది గానీ, న్యాయమైన ఛార్జీ ఎంతో నిర్ణయించే అధికారం కమిషన్‌కు లేదని 1897లో సుప్రీంకోర్టు తేల్చింది. 1906లో హెప్‌బర్న్ చట్టం వచ్చేదాకా గరిష్ఠ ఛార్జీ నిర్ణయించే అధికారం దానికి దక్కలేదు. ఈ మధ్య కాలంలో కమిషన్ చేయగలిగిన ముఖ్యమైన పని లెక్కలు సేకరించడం. కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో నివేదికలు పంపాల్సి వచ్చింది. ఎంత సరకు, ఎంత ఆదాయం, ఎంతమంది ఉద్యోగులు, వాళ్లలో ఎంతమంది చనిపోయారు అన్న వివరాలు దేశం మొత్తానికి ఒకచోట చేరడం మొదలైంది. నియంత్రణ అనే మాట వినగానే నిషేధాలు గుర్తుకొస్తాయి. కానీ ఆనాటి ప్రభుత్వం కొత్తగా సంపాదించిన అసలైన బలం లెక్క కట్టే శక్తి.

రెండు వ్యాగన్ల మధ్య చేయి

ఆ లెక్కల విలువ వ్యాగన్లను కలిపే కప్లింగ్ విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. అప్పటి పద్ధతిలో, ఒక వ్యాగన్ మెల్లగా దొర్లుతూ రెండోదాన్ని తాకే క్షణంలో బ్రేక్‌మన్ వాటి మధ్య నిలబడి, ఇనుప లంకెను చేత్తో గాడిలోకి నడిపి, పై నుంచి మేకు దించాలి. క్షణం తడబడితే వేళ్లు, ఒక్కోసారి ప్రాణం పోయేవి. బ్రేకు వేయడానికి కదులుతున్న సరకు రైలు పైకప్పు మీద, మంచు గడ్డకట్టిన రాత్రుల్లో కూడా, ఒక వ్యాగన్ నుంచి మరోదానికి నడుస్తూ చక్రాలు తిప్పాలి. 1888 జూన్‌తో ముగిసిన ఏడాదిలో 2,000 మందికి పైగా రైల్వే ఉద్యోగులు విధుల్లో మరణించారని, 20,000 మందికి పైగా గాయపడ్డారని అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ తన 1889 వార్షిక సందేశంలో పేర్కొన్నారు. యుద్ధంలో సైనికుడికి ఉన్నంత ముప్పు ఒక కార్మిక వర్గానికి ఉండడం నాగరికతకు మచ్చ అన్నారు.

పరిష్కారం అప్పటికే తయారై ఉంది. వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేకు 1869 నాటిది. తాకగానే తనంతట తాను బిగుసుకునే కప్లింగ్‌కు ఎలై జానీ 1873లో పేటెంట్ పొందాడు. అవి వాడకంలోకి రాకపోవడానికి యజమానుల కఠినత్వం ఒక్కటే కారణం కాదు. వ్యాగన్లు ఒక కంపెనీ పట్టాల మీద నుంచి మరో కంపెనీ పట్టాల మీదికి నిరంతరం మారుతుంటాయి. ఒక్క కంపెనీ కొత్త కప్లింగ్ అమర్చుకుంటే, పక్క కంపెనీ పాత వ్యాగన్‌తో అది సరిగా కలవదు. అందరూ ఒకేసారి మారితేనే ప్రయోజనం. పైగా షా తీర్పు పుణ్యాన ప్రమాదం వల్ల కంపెనీకి పడే ఖర్చు స్వల్పం. అందుకే మార్కెట్ దానంతట అది ఈ ముడి విప్పలేకపోయింది.

అయోవా రాష్ట్రానికి చెందిన లొరెంజో కాఫిన్ ఏళ్ల తరబడి చేసిన ప్రచారం, రైల్వే ఉద్యోగుల సోదర సంఘాల (బ్రదర్‌హుడ్ పేరుతో ఒక్కో విభాగం వారు పెట్టుకున్న సంఘాల) ఒత్తిడి, కమిషన్ గణాంకాలు కలిసి 1893 మార్చిలో భద్రతా ఉపకరణాల చట్టానికి దారితీశాయి. అది పూర్తిగా అమల్లోకి రావడానికి 1900 దాకా పట్టింది. ఆ తర్వాత కప్లింగ్ ప్రమాదాలు బాగా తగ్గాయి. షా సూత్రాన్ని మాత్రం అంతర్రాష్ట్ర రైల్వేల విషయంలో 1908 నాటి యజమానుల బాధ్యత చట్టం చాలావరకు పక్కన పెట్టింది. ఫార్వెల్ కేసుకు అప్పటికి 66 ఏళ్లు.

1894: ఒక ఉత్తర్వు ఒక సంఘాన్ని కూల్చిన తీరు

షికాగోకు దక్షిణాన పుల్‌మన్ కంపెనీ తన స్లీపర్ బోగీల కర్మాగారం పక్కనే ఒక పట్టణం కట్టింది. ఇళ్లు కంపెనీవి, దుకాణాల భవనాలు కంపెనీవి. 1893 మాంద్యంలో కంపెనీ కూలిని సగటున నాలుగో వంతుకు పైగా కోసింది, ఇంటి అద్దె మాత్రం తగ్గించలేదు. 1894 మేలో సమ్మె మొదలైంది. అంతకు ముందు ఏడాది యూజీన్ డెబ్స్ నాయకత్వాన ఏర్పడిన అమెరికన్ రైల్వే యూనియన్, జూన్ 26 నుంచి పుల్‌మన్ బోగీలున్న రైళ్లను నడపబోమని ప్రకటించింది. డ్రైవర్లు, ఫైర్‌మన్లు, గార్డులు విడివిడిగా సంఘాలు పెట్టుకున్న పరిశ్రమలో అన్ని విభాగాలనూ ఒక్కటి చేసిన తొలి పెద్ద సంఘం అది. షికాగో పడమటి వైపు రవాణా చాలావరకు స్తంభించింది.

షికాగోలో ముగిసే 24 రైల్వేల మేనేజర్ల సంఘం తపాలా బోగీలను పుల్‌మన్ బోగీలతో కలిపి నడపాలని పట్టుబట్టింది. రైలు ఆగితే తపాలా ఆగినట్టు, తపాలా ఆగితే ఫెడరల్ నేరం జరిగినట్టు. ఒకప్పుడు రైల్వేల న్యాయవాదిగా పనిచేసిన అటార్నీ జనరల్ రిచర్డ్ ఓల్నీ జులై 2న ఫెడరల్ కోర్టు నుంచి ఇంజంక్షన్ తెచ్చారు. సమ్మెకు సహకరించమని కార్మికులను కోరడం కూడా ఆ ఉత్తర్వు పరిధిలోకి వచ్చింది. 3,600 మంది వ్యక్తులు ఫెడరల్ డిప్యూటీ మార్షల్స్‌గా ప్రమాణం చేశారు. వారిని ఎంపిక చేసి, ఆయుధాలు, జీతం ఇచ్చింది రైల్వే కంపెనీలేనని తర్వాత ప్రభుత్వమే నియమించిన విచారణ కమిషన్ నమోదు చేసింది. ఇల్లినాయ్ గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ అభ్యంతరం చెప్పినా అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సైన్యాన్ని దించారు.

ఇంజంక్షన్ ఎందుకంత పదునైన ఆయుధమో గమనించాలి. నేరాభియోగం మోపితే జ్యూరీ ముందు నిరూపించాలి, జ్యూరీలో కూర్చునేది ఊరి జనమే. ఇంజంక్షన్‌కు జ్యూరీ లేదు. కంపెనీ అఫిడవిట్ చూసి, అవతలి పక్షం వాదన వినకుండానే న్యాయమూర్తి ఉత్తర్వు ఇవ్వవచ్చు. దాన్ని ఉల్లంఘిస్తే ధిక్కార విచారణ జరిపేదీ ఆయనే. అన్నిటికంటే ముఖ్యం సమయం. సమ్మె బలం కొన్ని వారాలే ఉంటుంది. ఉత్తర్వు తప్పని రెండేళ్ల తర్వాత పై కోర్టు చెప్పినా, అప్పటికి కార్మికుడు వేరే ఊళ్లో వేరే పని చూసుకుని ఉంటాడు. డెబ్స్ విషయంలో పై కోర్టు అలా కూడా చెప్పలేదు. 1895 మేలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇంజంక్షన్‌ను సమర్థించింది. డెబ్స్ ఆరు నెలలు జైల్లో ఉన్నాడు, సంఘం చెదిరిపోయింది.

గుత్తాధిపత్యాన్ని అరికట్టడానికి 1890లో చేసిన షెర్మన్ చట్టాన్ని కింది కోర్టు ఈ సమ్మె మీద ప్రయోగించింది. అదే 1895 జనవరిలో, దేశంలోని చక్కెర శుద్ధిలో 98 శాతాన్ని చేతిలో పెట్టుకున్న ట్రస్టు (కంపెనీల గుత్త కూటమి) మీద ఆ చట్టం పనిచేయదని, తయారీ వేరు వాణిజ్యం వేరని సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం పుస్తకంలో ఒకటే. దాని బరువు ఎవరి మీద పడాలో నిర్ణయించింది ధర్మాసనాలు.

సంఘాలు నేర్చుకున్న పాఠం, మూసుకున్న తలుపులు

1886లో ఏర్పడిన అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ అధ్యక్షుడు శామ్యూల్ గాంపర్స్ చుట్ట తయారీ కార్మికుడు. ప్రభుత్వం మీద ఆధారపడవద్దు, సంఘబలంతో యజమానితో నేరుగా ఒప్పందం కుదుర్చుకోవాలి అన్నది ఆయన వైఖరి. ఐరోపాలో కార్మికులు సొంత పార్టీలు పెట్టుకుంటున్న కాలంలో అమెరికా సంఘాలు ఎందుకు దూరంగా ఉన్నాయని ఆశ్చర్యపోయేవారు కోర్టుల చరిత్రను చూడాలి. శాసనసభలో ఏళ్ల తరబడి పోరాడి తెచ్చుకున్న చట్టాన్ని ఒక తీర్పు కొట్టివేయగలిగినప్పుడు, శాసనసభ మీద శ్రమ వృథా అనిపించడం సహజం. 1898 నాటి ఎర్డ్‌మన్ చట్టం, సంఘంలో చేరినందుకు రైల్వే ఉద్యోగిని తొలగించడాన్ని నిషేధిస్తే, 1908లో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని ఒప్పంద స్వేచ్ఛ పేరిట రద్దు చేసింది.

ఈ సంఘాలు అందరివీ కావన్న విషయాన్ని దాటవేయకూడదు. రైల్వే సోదర సంఘాల నియమావళిలోనే సభ్యత్వం శ్వేతజాతి పురుషులకు పరిమితం. డెబ్స్ వ్యతిరేకించినా, అమెరికన్ రైల్వే యూనియన్ 1894 మహాసభ స్వల్ప తేడాతో నల్లజాతివారిని చేర్చుకోకూడదని ఓటు వేసింది. పుల్‌మన్ బోగీల్లో సేవకులుగా పనిచేసిన పోర్టర్లు నల్లజాతివారే. ఆ కంపెనీ బోగీలను ఆపాలని పిలుపునిచ్చిన సంఘం వారినే బయట ఉంచింది. పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన సొంత సంఘం పెట్టుకుని, 1937లో పుల్‌మన్ కంపెనీతో ఒప్పందం సాధించారు. 1882లో చైనా కార్మికుల రాకను నిషేధించిన చట్టానికి సంఘాల మద్దతు బలంగా ఉంది. ప్రభుత్వ విస్తరణను సంఘాలు గట్టిగా కోరిన రంగాల్లో వలసల నియంత్రణ ఒకటి.

1902: చలికాలం చేసిన మధ్యవర్తిత్వం

పెన్సిల్వేనియాలోని గట్టి బొగ్గు గనులు చాలావరకు ఆ ప్రాంతపు రైల్వే కంపెనీల చేతిలో ఉండేవి. 1902 మేలో 1,40,000 మందికి పైగా గని కార్మికులు పని ఆపారు. తూర్పు తీర నగరాల్లో ఇళ్లు వెచ్చబడేది ఆ బొగ్గుతోనే. అక్టోబరు వచ్చేసరికి ధర ఆకాశానికి ఎక్కింది. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌కు జోక్యం చేసుకునే స్పష్టమైన చట్టబద్ధ అధికారం లేకపోయినా, అక్టోబరు 3న రెండు పక్షాలనూ వాషింగ్టన్‌కు పిలిచారు. అధ్యక్షుడి ముందు గని యజమానులు, కార్మిక నాయకుడు జాన్ మిచెల్ ఒకే గదిలో కూర్చోవడమే కొత్త. యజమానులు మిచెల్‌తో మాట్లాడడానికి నిరాకరించారు. సైన్యం చేత గనులు నడిపించే ఆలోచన ప్రభుత్వంలో సాగింది. ఎనిమిదేళ్ల కిందట సమ్మెను విరగ్గొట్టడానికి దిగిన సైన్యం, ఈసారి యజమానిని పక్కకు జరపడానికి దిగవచ్చన్న సూచన అది.

ఫైనాన్షియర్ జె.పి. మోర్గన్ ద్వారా చివరికి వివాదాన్ని తేల్చే ఒక కమిషన్ వేయడానికి ఒప్పందం కుదిరింది. సంఘం మనిషి ఉండకూడదని, ఒక ప్రముఖ సామాజిక శాస్త్రవేత్త ఉండవచ్చని యజమానులు షరతు పెడితే, రూజ్‌వెల్ట్ ఆ స్థానంలో రైల్వే కండక్టర్ల సంఘం అధినేత ఇ.ఇ. క్లార్క్‌ను నియమించారు. 1903 మార్చిలో వచ్చిన తీర్పు కూలిని 10 శాతం పెంచింది, పనిగంటలు తగ్గించింది, రాజీ బోర్డు ఏర్పాటు చేసింది. సంఘానికి గుర్తింపు మాత్రం ఇవ్వలేదు. కార్మికులకు దక్కింది సగమే అయినా, ప్రభుత్వం ఒక పక్షం తరఫు బలగంగా కాకుండా మూడో పక్షంగా కూర్చున్న పద్ధతి అక్కడ మొదలైంది.

ఆ పద్ధతి సూటిగా సాగలేదు. 1916లో నాలుగు రైల్వే సోదర సంఘాలు దేశవ్యాప్త సమ్మెకు సిద్ధపడగా, అధ్యక్షుడు విల్సన్ కోరిక మీద కాంగ్రెస్ ఆడమ్సన్ చట్టంతో ఎనిమిది గంటల పనిదినాన్ని ఇచ్చింది. 1917 డిసెంబరులో మొదటి ప్రపంచ యుద్ధ అవసరాల కోసం రైల్వేలన్నిటినీ ప్రభుత్వమే తీసుకుని 1920 మార్చి దాకా నడిపింది. 1922లో వర్క్‌షాపు కార్మికులు వేతన కోతకు వ్యతిరేకంగా సమ్మె చేస్తే మళ్లీ పాత ఆయుధమే, విస్తృతమైన ఇంజంక్షన్, బయటికి వచ్చింది. ఆ చేదు అనుభవం తర్వాత కంపెనీలు, సంఘాలు కలిసి కూర్చుని ముసాయిదా రాసుకున్నదే 1926 నాటి రైల్వే కార్మిక చట్టం. సంఘాన్ని గుర్తించడం, దశలవారీ మధ్యవర్తిత్వం, సమ్మెకు ముందు తప్పనిసరి విరామం దానిలోని ముఖ్యాంశాలు. మిగతా పరిశ్రమల కార్మికులకు ఇలాంటి హక్కు 1935లో వాగ్నర్ చట్టంతో వచ్చింది. ఇంజంక్షన్‌కు 1932లో నారిస్–లా గార్డియా చట్టం అడ్డుకట్ట వేసింది.

ఎంత పెరిగింది, ఎక్కడితో పోలిస్తే

1871లో సుమారు 51,000 మంది ఉన్న ఫెడరల్ పౌర ఉద్యోగుల సంఖ్య 1901 నాటికి 2,39,000కు చేరింది. అందులో సగానికి పైగా తపాలా శాఖవారే. సంఖ్య రీత్యా ప్రభుత్వాన్ని పెంచింది ఉత్తరాలు. అధికారం రీత్యా పెంచింది మాత్రం అయిదుగురు సభ్యుల కమిషన్ వంటి చిన్న సంస్థలు, వాటి నమూనాలో వచ్చిన తర్వాతి సంస్థలు. ఉద్యోగుల లెక్కతో ప్రభుత్వ విస్తరణను కొలిచే వాదనలు ఈ తేడాను పట్టించుకోవు.

జర్మనీలో 1883, 1884లలోనే అనారోగ్య, ప్రమాద బీమా చట్టాలు వచ్చాయి. అక్కడ పైనుంచి దిగిన ప్రభుత్వం అది. బ్రిటన్‌లో సమ్మెకు సంఘం నష్టపరిహారం చెల్లించాలని కోర్టు తీర్పు ఇస్తే, 1906లో పార్లమెంటు చట్టం చేసి ఆ తీర్పును తుడిచేసింది. బ్రిటన్ కోర్టుకు పార్లమెంటు చట్టాన్ని కొట్టివేసే అధికారం లేదు. అమెరికా కోర్టుకు ఉంది. బ్రిటన్‌లో 1906లో ముగిసిన తగాదా అమెరికాలో 1930ల దాకా నడవడానికి ప్రధాన కారణం ఇదే.

ఈ చరిత్రకు మద్రాసుతో ఒక దగ్గరి పోలిక ఉంది. అప్పటి ఆంధ్ర జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1918లో బి.పి. వాడియా నాయకత్వాన మద్రాస్ లేబర్ యూనియన్ ఏర్పడింది. బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లుల వివాదంలో యాజమాన్యం మద్రాసు హైకోర్టు నుంచి వాడియా తదితరుల మీద తెచ్చుకున్నది ఇంజంక్షన్ ఉత్తర్వే. దానికి ప్రతిస్పందనగా సాగిన ప్రయత్నాలు 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టానికి దారితీశాయి. రిజిస్టరైన సంఘాలకు కుట్ర నేరం నుంచి 17వ సెక్షన్, సివిల్ దావాల నుంచి 18వ సెక్షన్ ఆ చట్టంలో రక్షణ ఇచ్చాయి. 1806 నాటి ఫిలడెల్ఫియా తీర్పు, 1894 నాటి షికాగో ఉత్తర్వు ఏ రెండు ద్వారాల నుంచి వచ్చాయో, ఈ రెండు సెక్షన్లు ఆ రెండు ద్వారాలనే మూశాయి.

ఇప్పటికీ నడుస్తున్న చట్టం

అమెరికాలో 1926 నాటి రైల్వే కార్మిక చట్టం నేటికీ అమల్లో ఉంది. 1936 నుంచి విమానయాన సంస్థలూ దాని పరిధిలో ఉన్నాయి. 2022లో సరకు రవాణా రైల్వేల సంఘాల్లో కొన్ని ప్రతిపాదిత ఒప్పందాన్ని తిరస్కరించాయి. వారి ప్రధాన అభ్యంతరం జీతం గురించి కాదు, ఒంట్లో బాగోలేనప్పుడు జీతంతో కూడిన సెలవు లేకపోవడం గురించి. డిసెంబరులో సమ్మె గడువు దగ్గరపడగా కాంగ్రెస్ ఆ ఒప్పందాన్నే చట్టంగా ఆమోదించింది, అధ్యక్షుడు బైడెన్ సంతకం చేశారు. సమ్మె చట్టవిరుద్ధమైంది. ఏడు రోజుల సెలవు ఇవ్వాలన్న ప్రత్యేక తీర్మానం ప్రతినిధుల సభలో నెగ్గింది. సెనేట్‌లో దానికి 52 ఓట్లు వచ్చాయి, కావలసింది 60.